నమూనా రైళ్ళలో ఇతివృత్త నియమం

సంక్రాంతికో, దసరాకో మన ఇళ్ళలో బొమ్మల కొలువు తీర్చే వేళ ఒక విశేషాన్ని గమనించవచ్చును. పై మెట్టు మీద శ్రీరామ పట్టాభిషేకం. దాని క్రింద కొండపల్లి అంబారీ ఏనుగు. ఆ ప్రక్కనే పచారీ సామాను ముందు వేసుకొని కూర్చున్న చెట్టిగారి దంపతులు. అన్నింటికంటె క్రింది మెట్టు మీద తిరునాళ్ళలో కొన్న కీ ఇచ్చే మోటారు కారు. వీరిలో ఎవరు ఎవరికి సమకాలికులని అడిగేవారుండరు. కొలువుకు ఏ బొమ్మ వచ్చినా శోభయే. ఏటేటా ఒక బొమ్మ చేరడమే అందులోని ఆనందం.

నమూనా రైళ్ళను కూర్చుకొనేవారు కూడ తొలుత ఈ కొలువు పద్ధతినే అనుసరించినారు. కంటికి నచ్చిన ఇంజను కొని పట్టాల మీద నిలిపినారు. కాని కాలక్రమాన వారిలో కొందరు వేరొక మార్గం త్రొక్కినారు. ఒక ప్రదేశాన్ని, ఒక కాలాన్ని, ఒక రైల్వేను ఎన్నుకొని, దానికి చెందని ఇంజను ఎంత అందమైనదైనా, ఎంత చౌకగా దొరికినా ఇంటికి తేరాదని తమకు తామే నియమం విధించుకొన్నారు. పిల్లల ఆట పెద్దల విద్యగాను, ఒక్కొక్కచోట చరిత్ర రక్షణగాను మారడానికి ఈ నియమమే కారణమైనది. అది ఎట్లా ఏర్పడినదో, దానివలన ఏమి దక్కినదో చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మొదట వర్తకం సంగతి చూడవలె. జర్మనీ దేశంలో గోపింగెన్ అనే పట్టణంలో 1859లో మేర్క్లిన్ అనే తగరపు పనివాని సంస్థ మొదలైనది. తొలి రోజుల్లో వారు చేసినవి బొమ్మరిండ్లలో పెట్టుకొనే చిన్న చిన్న వంటసామాన్లు. బొమ్మరిల్లున్న పిల్ల ఈ ఏడు పొయ్యి కొంటే వచ్చే ఏడు గిన్నెలు కొంటుంది. ఆపై ఏడు మరొకటి. ఈ కిటుకును ఆ సంస్థవారు రైలుబండికి అన్వయించినారు. 1891లో లైప్‌జిగ్ సంతలో నిర్ణీతమైన కొలతలు గల పట్టాలతో, ఎంతకైనా పెంచుకోదగిన రైలు సరంజామాను ప్రదర్శించినారు. ఒక ఇంజను, రెండు పెట్టెలు, గుండ్రని పట్టా ఒకటి కొన్నవాడు మరునాడు మలుపు పట్టా కొనవలె. ఆ తరువాత స్టేషను, సిగ్నలు, మరొక ఇంజను. కొనుగోలు ముగియకపోవడమే ఆ వ్యాపారానికి మూలధనం.

ఇంగ్లండులో 1899లో బాసెట్–లోక్, అమెరికాలో 1900లో లయొనెల్ సంస్థలు వెలసినవి. మెకానో సృష్టికర్త ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో కీ ఇచ్చి నడిపే రైళ్ళను అమ్మకానికి పెట్టినారు. ఆ తొలి హార్న్‌బీ ఇంజను మనకొక చిన్న పాఠం చెబుతుంది. అది మూడు రైల్వే కంపెనీల రంగుల్లో దొరికేది. కాని లోపలి యంత్రమూ, బయటి ఆకారమూ మూడింటికీ ఒక్కటే. ఏ కంపెనీ ఇంజన్నూ అది సరిగా పోలి ఉండేది కాదు. పిల్లవాడికి అది చాలును. రైల్వేలను ఎరిగిన పెద్దవానికి మాత్రం అది ఒకే నటుడు వేషం మార్చి మూడు పాత్రలు ధరించినట్లుండేది.

ఈ అసంతృప్తి నుంచే పెద్దల నమూనా రైలు పుట్టినది. 1934లో అమెరికాలోని మిల్వాకీ నగరం నుంచి కాల్‌బాక్ అనే ప్రచురణకర్త “మోడల్ రైల్‌రోడర్” పత్రికను వెలువరించినారు. మరుసటి సంవత్సరం, అనగా 1935లో, ఆ నగరంలోనే జాతీయ నమూనా రైల్‌రోడ్ సంఘం ఏర్పడినది. చక్రాలకు, పట్టాలకు సమాన ప్రమాణాలు నిర్ణయించడం ఆ సంఘం పెట్టుకొన్న ముఖ్యకార్యం. అంతకుపూర్వం ఒకరు చేసిన ఇంజను మరొకరి పట్టా మీద నడుస్తుందన్న నమ్మకం లేదు. ప్రమాణాలు కుదిరిన తరువాత ఎవరి ఇంజనైనా ఎవరి పట్టా మీదనైనా నడవసాగినది.

ఇది గొప్ప మేలే. కాని ఆ మేలుతోపాటు ఒక చిక్కు కూడ వచ్చినది. కొలతలు కుదరనంత కాలం కొనుగోలుదారుకు ఆ కొలతలే అడ్డుకట్ట. అవి కుదిరిన పిమ్మట దుకాణంలోని ప్రతి ఇంజనూ అతని ఇంటికి అర్హమే. బయటి అడ్డుకట్ట పోయినది కాబట్టి లోపలి అడ్డుకట్ట అవసరమైనది.

ఆ లోపలి అడ్డుకట్టకు స్పష్టమైన రూపమిచ్చినవారిలో న్యూ ఆర్లియన్స్ నగరవాసి ఫ్రాంక్ ఎలిసన్ ప్రముఖులు. ఆయనకు నాటకరంగంతో పరిచయం ఉండేది. తన “డెల్టా లైన్స్” అనే ఊహారైల్వేను ఆయన నాటకంగానే భావించినారు. 1944లో మోడల్ రైల్‌రోడర్ పత్రికలో వచ్చిన ఆయన వ్యాసాలు ఎందరికో మార్గం చూపినవి. కొండలు, ఊళ్ళు రంగాలంకరణ, రైలుబండ్లు నటులు, సమయపట్టిక కథాగమనం. ఇది ఆయన దృష్టి. ఈ దృష్టితో చూచినప్పుడు కొనుగోలు ప్రశ్న తనంత తానే మారిపోతుంది. “ఈ ఇంజను అందంగా ఉన్నదా?” అన్నది వెనుకబడి, “ఈ నాటకంలో దీనికి పాత్ర ఉన్నదా?” అన్నది ముందుకు వస్తుంది. ఎంత గొప్ప గాయకుడైనా, హరిశ్చంద్ర నాటకం మధ్య కృష్ణ వేషంతో రంగం మీదికి వస్తే ప్రేక్షకులు సహిస్తారా? ఇంజను విషయమూ అంతే.

ఇంతకూ ఇతివృత్తమంటే ఏమి? నాలుగు అంశాల కలయిక: ఏ చోటు, ఏ సంవత్సరం, ఏ రైల్వే, ఏ పని. ఈ నాలుగింటిలో సంవత్సరమన్నది మిక్కిలి కఠినమైన తీర్పరి. అమెరికాలోని నికెల్ ప్లేట్ రైల్వేను ఉదాహరణగా తీసుకొందాం. సరకుల బండ్లను వేగంగా నడపడంలో పేరుపొందిన ఈ సంస్థ వద్ద బెర్క్‌షైర్ తరగతి ఆవిరి ఇంజన్లు ఎనభై ఉండేవి. ముందు రెండు, నడుమ ఎనిమిది, వెనుక నాలుగు చక్రాలు గల దిట్టమైన యంత్రాలవి. వాటిలో చివరిది 779 నంబరు ఇంజను. 1949లో ఒహాయో రాష్ట్రంలోని లైమా కర్మాగారంలో తయారైనది. ఆ కర్మాగారం నిర్మించిన ఆవిరి ఇంజన్లన్నింటిలోను కూడ అదే ఆఖరిది. ప్రయాణికుల బండ్లకు నికెల్ ప్లేట్ 1940ల చివరనే డీజిల్ ఇంజన్లను తెచ్చుకొన్నది. కాని సరకుల బండ్లను 1958 వరకు ఆవిరితో లాగించినది. 1964లో ఆ రైల్వే నార్ఫోక్ అండ్ వెస్టర్న్ సంస్థలో విలీనమైనది.

ఈ నాలుగు తేదీలను దగ్గర పెట్టుకొన్నవానికి దుకాణం సగం చిన్నదవుతుంది. అతడు 1939ని ఎన్నుకొంటే డీజిళ్ళకు తావు లేదు. 1960ని ఎన్నుకొంటే బెర్క్‌షైర్లకు తావు లేదు. 1954ను ఎన్నుకొంటే రెండూ ప్రక్కప్రక్కన కనబడతాయి. టోనీ కోస్టర్ అనే ప్రసిద్ధ నమూనాకారుడు సరిగా ఆ 1954నే ఎన్నుకొన్నారు. ఆయన కథ మరొక కారణం చేత కూడ చెప్పదగినది. చాలా ఏండ్లు ఆయన “అలిగెనీ మిడ్‌లాండ్” అనే ఊహారైల్వేను పెంచి పోషించినారు. పత్రికల ద్వారా అది దేశమంతటా పేరు తెచ్చుకొన్నది. అయినను 2000వ సంవత్సర ప్రాంతంలో దానిని విప్పివేసి, తన బాల్యంలో కన్నులారా చూచిన నికెల్ ప్లేట్ వారి సెంట్ లూయిస్ శాఖలో ఒక భాగాన్ని మొదటినుంచి నిర్మించడానికి పూనుకొన్నారు. ఇతివృత్తం మార్చుకోరాదని నియమమేమీ లేదన్నమాట. కాని మార్చుకొనేవాడు పాత నాటకానికి తెర దించి కొత్తది ప్రారంభించవలె. రెండు నాటకాలను ఒకే రంగం మీద కలిపి ఆడరాదు.

ఇక ప్రలోభం మాట. యూనియన్ పసిఫిక్ రైల్వేవారి “బిగ్ బాయ్” అనే ఇంజను నమూనాలు కొనేవారికి ఎల్లప్పుడు పెద్ద ఆకర్షణ. 1941లోను, 1944లోను మొత్తం ఇరవై ఐదు తయారైన ఆ మహాయంత్రం ముందు తక్కినవి మరుగుజ్జులుగా కనబడతాయి. అది యూటా రాష్ట్రపు కొండ దారిని ఎక్కడానికి పుట్టినది. ఇండియానా మైదానంలో మొక్కజొన్న చేల నడుమ సాగే నికెల్ ప్లేట్ దారిలో దానికి పని లేదు. బల్ల మీద దానిని నిలబెడితే ఏమవుతుంది? చూచేవారందరూ దాని చుట్టూ మూగుతారు. మిగిలిన ఇంజన్లు, ఊళ్ళు, వాటి వెనుక ఉన్న ఇన్నేండ్ల శ్రమ కనుమరుగవుతాయి. ఒక్క తప్పు కొనుగోలు పది సరియైన కొనుగోళ్ళను అబద్ధం చేస్తుంది.

అట్లని నియమం అన్ని తలుపులూ మూసివేస్తుందని అనుకోరాదు. అది నిషేధం కాదు. సాక్ష్యం అడగడం మాత్రమే. ఇంగ్లండులో 1923లో నూరుకు పైబడిన రైల్వే కంపెనీలను నాలుగు పెద్ద కంపెనీలుగా కూర్చినారు. వాటిలో గ్రేట్ వెస్టర్న్ కంపెనీని ఎన్నుకొన్నవాడు లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ వారి పసిఫిక్ తరగతి ఇంజను కొనదలిస్తే మామూలుగా అది తప్పే. కాని 1925 వసంతంలో ఈ రెండు కంపెనీలూ పోటీగా ఇంజన్లను మార్చుకొన్నవి. గ్రేట్ వెస్టర్న్ వారి “పెండెన్నిస్ కాజిల్” అవతలివారి దారిలో నడిచినది. అవతలివారి 4474 నంబరు ఇంజను “విక్టర్ వైల్డ్” పాడింగ్టన్ నుంచి ప్లిమత్‌కు బండ్లు లాగినది. ఈ సంగతి తెలిసినవాడు ఆ వసంతాన్నీ, ఆ దారినీ తన ఇతివృత్తం చేసుకొని ఆ ఇంజన్ను నిశ్చింతగా కొనుక్కోవచ్చును. చదువు పెరిగినకొద్దీ కొనదగిన వాటి జాబితా కూడ న్యాయంగా పెరుగుతుంది. దుకాణానికి వెళ్ళవలసిన కోరికను గ్రంథాలయానికి మళ్ళించడమే నియమం చేసే గొప్ప ఉపకారం.

కొందరికి గ్రంథాలయం తరువాత దుకాణం కూడ అక్కరకు రాలేదు. పీటర్ డెనీ అనే క్రైస్తవ మతాచార్యుడు రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాతి సంవత్సరాల్లో తన నమూనా రైల్వేకు పూనుకొన్నారు. ఆయన ఎన్నుకొన్నది గ్రేట్ సెంట్రల్ రైల్వే. కాలం మొదటి ప్రపంచ యుద్ధానికి ముందటి ప్రశాంతమైన రోజులు. చోటు బకింగ్‌హామ్ పట్టణానికి వచ్చే ఊహాశాఖ. 1923లోనే అంతరించిన కంపెనీ అది. దాని ఇంజన్లు అంగడిలో ఎక్కడ దొరుకుతాయి? ఆయన స్వయంగా ఇత్తడి రేకులు కత్తిరించి, టంకం పెట్టి వాటిని తయారు చేసుకొన్నారు. దశాబ్దాలు గడచినా ఆ కంపెనీని, ఆ కాలాన్ని విడువలేదు. ఆ రైల్వేను సమయపట్టిక ప్రకారం నడపడానికి కనీసం ఇద్దరు కావలె. తోడుగా నడిపే కుమారుడు క్రిస్పిన్ అందుబాటులో లేని వేళల కోసం ఒక స్టేషనును తనంత తానే నడిపే యంత్రాన్ని ఆయన కల్పించి, దానికి “ఆటోమేటిక్ క్రిస్పిన్” అని పేరు పెట్టినారు. ఇంజన్ల సంఖ్య పెంచడం మీద పోవలసిన తపన రైల్వే నడిపే పద్ధతి మీదికి మళ్ళితే ఎంతటి కల్పనాశక్తి పుడుతుందో ఈ చిన్న కథ చెబుతున్నది.

ఈ చరిత్రలో అన్నింటికంటె హృదయాన్ని కదిలించేది రాయ్ ఇంగ్లండ్ కథ. పేరులో ఇంగ్లండ్ ఉన్నా ఆయన పుట్టినది ఆస్ట్రేలియాలో. 1925లో, ఇరవై ఏండ్లైనా నిండని ప్రాయంలో, ఆయన ఇంగ్లండుకు వచ్చినారు. వైట్ హార్స్ లోయ అనే పల్లెసీమ ఆయన మనస్సును హరించినది. సుద్దకొండ మీద ప్రాచీనులు చెక్కిన తెల్లగుర్రం ఆకృతి వలన ఆ లోయకా పేరు వచ్చినది. దాని పొలాల నడుమగా గ్రేట్ వెస్టర్న్ రైలుదారి. ఒక అంచున ఆ కంపెనీ ఇంజన్లు తయారయ్యే స్విండన్ పట్టణం. కాని ఆ యువకుడు చూస్తూ ఉండగానే పల్లెలు మారిపోసాగినవి. శతాబ్దాల నాటి పూరికప్పులు తీసివేసి ముడతల రేకులు వేస్తున్నారు. పాత కుటీరాలను పడగొడుతున్నారు. ఆపడం ఆయన తరం కాదు. ఆయన చేయగలిగినది ఒక్కటే: వాటిని కొలిచి, చిత్రించి, నమూనాగా కట్టి ఉంచడం.

1954లో లాంగ్ విట్టెన్‌హామ్ అనే గ్రామంలో ఒక పాత సత్రం ఆయన ప్రయత్నానికి నెలవైనది. పెండన్ ప్రదర్శనశాల అట్లా పుట్టినది. అక్కడ అన్నీ అసలు పరిమాణంలో డెబ్బై ఆరవ వంతు. ఇతివృత్తం 1920లు, 1930ల నాటి గ్రేట్ వెస్టర్న్ రైల్వే, దానిచుట్టూ ఉన్న పల్లె జీవనం. గై విలియమ్స్ అనే నిపుణుడు అక్కడి ఇంజన్లను ఒక్కొక్కటిగా చేతితో నిర్మించినారు. ఒక్కొక్క కుటీరానికి నెలలు, కొన్నింటికి సంవత్సరాలు పట్టినవి. 1995లో రాయ్ ఇంగ్లండ్ కాలధర్మం చెందేనాటికి లోయ దృశ్యం పూర్తి కాలేదు. తరువాతివారు ఆ పనిని అందుకొన్నారు.

ఇక్కడ ఆలోచించవలసినది ఒకటి ఉన్నది. 1948లో బ్రిటిష్ రైల్వేలు జాతీయమైనవి. గ్రేట్ వెస్టర్న్ అనే పేరుగల ఆ కంపెనీ ముగిసినది. 1963 నాటి బీచింగ్ నివేదిక తరువాత వేలాది మైళ్ళ పల్లెదారులు మూతపడినవి. ఆ సంవత్సరాల్లో కొత్తకొత్త డీజిల్ ఇంజన్లు వస్తూనే ఉన్నవి. వాటి నమూనాలు అంగళ్ళలో మెరుస్తూనే ఉన్నవి. పెండన్ వారు ఏటేటా కొత్త ఇంజన్లు చేర్చుకొంటూ పోయి ఉంటే నేడు అక్కడ ఒక మంచి బొమ్మల కొలువు ఉండేది. లోయ మాత్రం ఉండేది కాదు. వారు వద్దన్నవాటి వల్లనే ఒక లోకం నిలిచినది.

ఆ ప్రదర్శనశాలలోనే వేరొక రైల్వే కూడ ఉన్నది. లండన్ నివాసి జాన్ అహెర్న్ 1930ల చివర ప్రారంభించిన “మాడర్ వ్యాలీ” అది. 1961లో ఆయన మరణించిన తరువాత పెండన్‌కు చేరినది. అది ఏ నిజమైన రైల్వేకూ నకలు కాదు; కేవలం ఊహ. కాని ఆ ఊహకు ఒక స్వభావమున్నది: ఆదాయం తక్కువైన, తొందర లేని, చిన్న చిన్న ఇంజన్లతో నెట్టుకొచ్చే పల్లెటూరి రైల్వే. అక్కడికి పెద్ద ఎక్స్‌ప్రెస్ ఇంజను వచ్చిందంటే ఆ ఊరు, ఆ వంతెన, ఆ స్టేషను మాస్టరు అందరూ అబద్ధమైపోతారు. ఇతివృత్తమంటే చరిత్రకు నకలు తీయడమే కాదని, ఊహకు కూడ తన ధర్మం తనకు ఉంటుందని మాడర్ వ్యాలీ నిరూపించినది.

ఇంత నియమంలో ఆనందానికి చోటెక్కడ అని ఎవరైనా అడగవచ్చును. కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ అలెన్ నిర్మించిన “గోరీ అండ్ డిఫీటెడ్” రైల్వే దానికి జవాబు. భీకరమైన లోయలు, ఎత్తైన వంతెనలు, వాడిన రంగులు గల ఇంజన్లతో ఒకే మనస్సు పలికే లోకమది. అటువంటి రైల్వే యార్డులో పెట్టెలను అటూ ఇటూ నెట్టడానికి ఆయన ఒక రాక్షసబల్లిని నియమించినారు. దాని పేరు ఎమ్మా. అది చూచినవారు నవ్వి ఊరుకోలేదు. నేటికీ తలచుకొంటూనే ఉన్నారు. అన్నీ అతికినట్లున్నచోట ఒక్కటి అతకకపోతేనే హాస్యం. ఏదీ అతకనిచోట రాక్షసబల్లి కూడ మరొక బొమ్మయే. 1973 జనవరిలో అలెన్ కన్నుమూసినారు. పట్టుమని రెండు వారాలు తిరగకుండానే అగ్నిప్రమాదంలో ఆ రైల్వే చాలావరకు దగ్ధమైనది. మిగిలినవి ఆయన తీసిన ఛాయాచిత్రాలు, దానిని చూచినవారి స్మృతులు.

ఇంత దూరదేశాల ముచ్చట మనకెందుకని అనిపించవచ్చును. మన రైళ్ళ విషయంలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. వాడి నుంచి సికిందరాబాదుకు 1874లో, అక్కడినుంచి బెజవాడకు 1889లో దారి వేసిన నిజాము రైల్వే 1951లో మధ్య రైల్వేలో కలిసినది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినది. ఈ తేదీల్లో ప్రతి ఒక్కటీ ఒక ఇతివృత్తానికి సరిహద్దు కాగలదు. కాని మన పెద్దదారి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. విదేశీ అంగళ్ళలో విరివిగా దొరికే ఎనభై ఏడవ వంతు నమూనా పట్టా వెడల్పు పదహారున్నర మిల్లీమీటర్లు; మన దారికైతే అది పందొమ్మిదికి పైగా ఉండవలె. అంగడి పట్టా మీద మన బండి నడుం బిగించుకొని నడవవలసిందే.

మీటరు గేజి సంగతి మరింత ఆలోచింపదగినది. కాచిగూడ నుంచి మహబూబ్‌నగరం మీదుగా ద్రోణాచలానికి మీటరు గేజి బండి ఎక్కినవారు మనలో ఇంకా ఎందరో ఉన్నారు. ఆవిరి ఇంజన్లలో ప్రయాణికులకు వై.పి., సరకులకు వై.జి.; తరువాత వై.డి.ఎం.–4 డీజిళ్ళు. ఇవి మన దేశపు మీటరు గేజి దారులను ఏలిన తరగతులు. 1992లో దేశమంతటా ఒకే గేజి అన్న పథకం మొదలైన తరువాత ఆ దారులు ఒక్కొక్కటిగా వెడల్పైనవి. ప్రయాణం సుఖమైనది, వేగమైనది, ఎవరూ కాదనరు. అయినా ఆ ఇరుకు పట్టాల మీది స్టేషను, నీళ్ళ తొట్టి, తాటాకు చలువపందిరి క్రింద టీ కాచుకొనే మనిషి, వీరిని కొలిచి ఉంచిన రాయ్ ఇంగ్లండ్ మనకున్నారా? ఉన్న ఊరి స్టేషనును, తాను ఎరిగిన ఒక్క సంవత్సరాన్ని పట్టుకొని ఎవరైనా కూర్చుంటే, వారికి కావలసినవి రెండు మూడు ఇంజన్లకు మించవు. జేబుకు భారమూ తక్కువే. ఊరికి దక్కేది ఎక్కువ.

కొనబోయేవారు దుకాణం మెట్టెక్కేముందు మూడు ప్రశ్నలు వేసుకొంటే చాలును. ఈ ఇంజను నా స్టేషనుకు వచ్చేదా? నేనెన్నుకొన్న సంవత్సరంలో వచ్చేదా? వస్తే ఏ బండిని లాగడానికి వచ్చేది? మూడింటికీ జవాబు దొరికితే సంతోషంగా తెచ్చుకొనవచ్చును. ఒక్కదానికి దొరకకపోయినా, కన్నులారా చూచి, మెచ్చుకొని, అక్కడే వదలి రావలె. అది ఓటమి కాదు. ఆ ఇంజనుకు కూడ తన ఊరు, తన కాలం, తన దారి ఉన్నవి. దానిని అక్కడ ఉండనివ్వడం దానికి మనం చేసే మర్యాద.